ముందు మీ సంగతి చెప్పండి

పెళ్లి బంతిలో పక్కన కూర్చున్నవారికి నేను కాలమ్ రాస్తానని తెలిస్తే చాలు, విస్తట్లో పప్పు పడేలోపే ఒక ప్రశ్న వస్తుంది: ఈసారి ఎవరు గెలుస్తారండీ? రెండో ప్రశ్నను నేరుగా అడగరు. ఊరు అడుగుతారు, ఇంటిపేరు అడుగుతారు, ‘ఫలానా వాళ్లు మీకేమైనా అవుతారా’ అంటారు. ఈయన ఎవరి మనిషి అన్నది వాళ్లకు తేలాలి. అడిగే తీరు నాకు నచ్చదు గానీ ప్రశ్నలో న్యాయం ఉంది. అభిప్రాయం అమ్మేవాడు ఎక్కడ నిలబడి అమ్ముతున్నాడో తెలుసుకునే హక్కు కొనేవాడికి ఉంటుంది.

ఎవరూ అడగకుండానే ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన కాలమిస్టు ఖుష్వంత్ సింగ్. ఆయన రాజకీయ అభిప్రాయాల్లో సగం నాకు మింగుడుపడవు. 1975లో ఇందిరాగాంధీ ఎమర్జెన్సీ పెడితే ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ’ సంపాదకుడి కుర్చీలో ఉండి సమర్థించారు. ఆమె కొడుకు సంజయ్ గాంధీని వెనకేసుకొచ్చారు. సంజయ్ భార్య మేనక నడిపిన ‘సూర్య’ పత్రికకు సలహాదారుగా పనిచేశారు. 1980లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు, ‘హిందుస్థాన్ టైమ్స్’ సంపాదకులూ అయ్యారు. ఇవన్నీ చేసినవాళ్లు ఢిల్లీలో ఇంకా ఉన్నారు. ఆ రెండు పదవుల వెనుకా సంజయ్ చలవ ఉందని తన పుస్తకంలో తానే రాసుకున్నది మాత్రం ఈయనే. ఎమర్జెన్సీని ఎందుకు సమర్థించారో చెబుతూ ఆ పేరుతోనే 2009లో వ్యాస సంపుటి వేశారు. అందులోని వాదన నాకు ఒప్పుకోబుద్ధి కాదు. జైళ్లు నిండిన కాలాన్ని క్రమశిక్షణ పేరుతో సమర్థించడం ఏ సంపాదకుడికీ తగదు. కానీ నేను తిట్టడానికి కావలసిన సరుకంతా ఆయనే నా చేతికి అందించారు.

అదే మనిషి సిక్కు తీవ్రవాద నేత భింద్రన్‌వాలేకు వ్యతిరేకంగా రాసి బెదిరింపులు కొనితెచ్చుకున్నారు. 1984 జూన్‌లో స్వర్ణ దేవాలయంలోకి సైన్యం వెళ్లినప్పుడు, పదేళ్ల కిందట అందుకున్న పద్మభూషణ్‌ను తిరిగిచ్చేశారు. ఆ ఏడాది నవంబరులో, ఇందిర హత్య తర్వాత, సిక్కుల మీద మూకలు పడ్డప్పుడు, తానూ సిక్కే కాబట్టి స్వీడన్ రాయబార కార్యాలయంలో తలదాచుకోవలసి వచ్చింది. 1989లో బీజేపీ నేత అద్వానీ నామినేషన్ పత్రం మీద సంతకం పెట్టారు. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ఆ సంతకానికి బహిరంగంగానే నొచ్చుకున్నారు. గోడ మీద పిల్లి అనేవాళ్లు అన్నారు. పిల్లి ఎప్పుడు ఏ వైపు దూకిందో తేదీలతో సహా రాసిపెట్టింది కదా, మరి!

దేవుడి దగ్గరికి వస్తే, తాను అజ్ఞేయవాదినన్నారు. గడ్డం, తలపాగా తీయలేదు. సిక్కుల ప్రార్థన జప్‌జీని ఇంగ్లిష్‌లోకి అనువదించారు, సిక్కుల చరిత్రను రెండు సంపుటాలుగా రాశారు. నమ్మకం లేకపోయినా ఆ జాతి తనది అని దాచకుండా చెప్పుకున్నారు. మన దగ్గర హేతువాదం రాసేవారు కొందరున్నారు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకుంటారు, అడిగితే ‘మా ఆవిడ పట్టుదల’ అంటారు. పాపం ఆవిడ!

పెళ్లి సంగతిలోనే నాకు చిక్కు. 1939లో కవల్ మలిక్‌ను చేసుకున్నారు. అరవై ఏళ్లు దాటిన కాపురం. రసికుడన్న ముద్ర ఆయన తనకు తానే వేసుకున్నది. నిజానికి తెల్లవారుజామునే లేచి రాతకు కూర్చునే మనిషి. సాయంత్రం అతిథులు వేళకు రావాలి, వేళకు లేవాలి. ముందుగా చెప్పి వచ్చినవాళ్లు తప్ప బెల్లు కొట్టొద్దని తలుపు మీద బోర్డు కూడా ఉండేది. కాపురంలో వచ్చిన పగుళ్ల గురించి కూడా ఆయన అచ్చులో రాశారు. సంజయ్ ఇచ్చిన పదవి గురించి రాయడం ధైర్యం. భార్య గురించి రాయడాన్ని అదే ధైర్యమని నేను అనలేను. ఆమెకు కాలమ్ లేదు. పాఠకుడికి నా అప్పులు చెప్పాలి, నా ఇంట్లోవాళ్ల బతుకు కాదు. మేనక కూడా అలాంటి అభ్యంతరంతోనే కోర్టుకు వెళ్లారు. దాంతో ఆయన ఆత్మకథ ఏళ్ల తరబడి ఆగి 2002లో గానీ బయటికి రాలేదు. పుస్తకాన్ని ఆపించడం నాకు ఇష్టం లేదు. అయినా ఆవిడకు మండడం మాత్రం అర్థమవుతుంది.

స్నేహంలో ఆయనకు నేను మొక్కుతాను. లాహోర్ హైకోర్టులో ప్రాక్టీసు చేసే రోజుల్లో మంజూర్ ఖాదిర్ అనే లాయరు ఆయనకు ప్రాణ స్నేహితుడు. 1947లో లాహోర్ వదిలేటప్పుడు ఇల్లు ఆ మిత్రుడి చేతిలో పెట్టి వచ్చారు. తర్వాత అదే మంజూర్ అయూబ్ ఖాన్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయ్యారు, సైనిక పాలనకు మంత్రి! ఖుష్వంత్ ఆ స్నేహాన్ని దాచలేదు, తగ్గించి చెప్పలేదు. రెండు యుద్ధాలు జరిగినా తాను చూసిన అత్యంత నిజాయితీపరుడు ఆయనేనని రాస్తూ వచ్చారు. ‘పాకిస్తాన్ ఏజెంటు’ అనే ఉత్తరాలు వస్తే వాటినీ పక్కనపెట్టి రాశారు. 2014లో 99 ఏళ్ల వయసులో ఆయన పోయాక, చితాభస్మంలో కొంత పాకిస్తాన్‌లోని హడాలీకి, ఆయన పుట్టిన ఊరికి చేరింది.

ఇక మన చానెళ్లు చూడండి. పేరు కింద ‘సీనియర్ విశ్లేషకులు’ అని వేస్తారు. ఎన్నికలయ్యాక ఆయన ఏదో ఒక ప్రభుత్వానికి సలహాదారుగా తేలితే గానీ, అన్నాళ్లూ విశ్లేషించింది దేన్నో మనకు అంతుపట్టదు. పదవి తీసుకోవడం తప్పని నేననను. దాన్ని పేరు పక్కన వేయకపోవడం తప్పు. ఏ సంస్థ జీతం, ఏ పార్టీ పదవి, ఏ అభ్యర్థితో బంధుత్వం, ఇంత ఒక్క వాక్యంలో పడుతుంది. పత్రికలు, చానెళ్లు అది అడిగి వేయాలి.

అందాకా నాది నేనే వేసుకుంటాను. ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. మా దూరపు బంధువు ఒకాయన ఎమ్మెల్యే. ఆయన నియోజకవర్గం గురించి ఇక్కడ రాయను. దేవుడి మీద నాకు సందేహాలున్నాయి, అయినా మా అమ్మ మొక్కుకుంటే తిరుమల వెళ్లాను. వచ్చే వారం నుంచి ఇవి లెక్కలో పెట్టుకుని చదవండి.