చీకటిలో చదువదగిన పాఠము

ఉన్నత పాఠశాలలలో కంటిని గూర్చిన పాఠము సాధారణముగా పట్టపగలు, నల్లబల్లపై గీచిన బొమ్మతో ముగియుచున్నది. నేత్రపటలమునందు దండములు, శంకువులు అను కణములు కలవనియు, మసక వెలుతురులో దండములే పనిచేయుననియు విద్యార్థి వల్లెవేయును. ఆ మాట నిజమగునో కాదో చీకటిలో నిలిచి చూచుకొనడు. ఈ లోటు గుర్తించిన ఉపాధ్యాయుడు చదువదగిన చిన్న పుస్తకము రేచెల్ కార్సన్ రచించిన ‘ది సెన్స్ ఆఫ్ వండర్’.

కార్సన్ (1907–1964) అమెరికా దేశపు సముద్రజీవ శాస్త్రజ్ఞురాలు. 1956లో ఒక పత్రికలో వెలువడిన ఆమె వ్యాసము, ఆమె మరణానంతరము 1965లో పుస్తకరూపము దాల్చినది. 20 నెలల వయసుగల అక్క మనుమని కంబళిలో చుట్టి, వాన కురియు రాత్రి సముద్రతీరమునకు ఎత్తుకొనిపోయిన ఘట్టముతో అది ప్రారంభమగును. తరువాత టార్చిలైటుతో ఇసుకపీతలను వెదకుట, తోటలో కీటకముల ధ్వనులను వేరుపరచి వినుట మొదలగునవి కలవు. పేర్లు తెలియని పెద్దలు సైతము బిడ్డతో కలసి ప్రకృతిని పరిశీలింపవచ్చుననియు, తెలిసికొనుటకంటె అనుభూతి ముఖ్యమనియు ఆమె అభిప్రాయము. పక్షుల పేర్లు, పురుగుల పేర్లు తెలియవని జంకు ఉపాధ్యాయునకు ఈ మాట ధైర్యమిచ్చును.

అయినను శాస్త్రబోధకు ఇంతమాత్రము చాలదు. చీకటిలో కన్ను ఎట్లు మారునో ఈ పుస్తకము వివరింపదు. టార్చి ఆర్పి అరగంట ఓపిక పట్టినచో ఆ మార్పును పిల్లలే గ్రహింతురు. శంకువులు సుమారు పది నిమిషములలో చీకటికి అలవాటుపడును. దండములలోని రోడాప్సిన్ అను వర్ణకము తిరిగి సమకూడుటకు అరగంట వరకు పట్టును. అప్పుడు, ముందు కానరాని నక్షత్రములు కానవచ్చును. మిక్కిలి మసకగానున్న నక్షత్రమును సూటిగా చూచిన మాయమగును, కొంచెము ప్రక్కకు చూచిన మరల కనబడును. చూపునకు కేంద్రమైన చోట దండములు లేకపోవుటయే ఇందుకు కారణము. నడుమ ఒక్కసారి టార్చి వెలిగించినచో మరల మొదటినుండి వేచియుండవలెను.

దీనివలన మరియొక మేలు కలదు. రోడాప్సిన్ తయారగుటకు విటమిన్ ‘ఎ’ అవసరము. అది లోపించిన రేచీకటి కలుగును. తోటివారికి కనబడునది ఎంతసేపటికిని కనబడని బాలుని వైద్యునకు చూపవలెను. పగటి తరగతిలో ఈ లోపము బయటపడదు.

కార్సన్ పుస్తకము చదివి, ఒక అమావాస్య రాత్రి తల్లిదండ్రుల అనుమతితో శుభ్రపరచిన పాఠశాల మైదానమున పిల్లలను కూర్చుండబెట్టిన ఉపాధ్యాయుడు అనుభూతిని, జ్ఞానమును ఒకేచోట అందింపగలడు.