బిళ్ల కట్టినా నొప్పి ఉండకపోవచ్చు

ఈ వారం శాంటా క్లారా సెంట్రల్ పార్కులో ఒక పెద్దాయన తన గోల్డెన్ రిట్రీవర్‌తో కనిపించారు. దాన్ని నిమురుతుంటే దవడ కింద రెండు వైపులా బిళ్లలు నా చేతికి తగిలాయి. "నొప్పి లేదు కదమ్మా, తిండి కూడా బాగానే తింటోంది" అన్నారాయన.

నా భయమూ అదే. లింఫోమా అనే క్యాన్సర్ వల్ల కట్టే బిళ్లలు సాధారణంగా నొప్పి పెట్టవు. పంటి చీముకూ బిళ్ల కట్టవచ్చు. సన్నని సూదితో కణాలు తీసి చూస్తే చాలాసార్లు సంగతి తేలిపోతుంది. ఈ కాలమ్ చదివేవారికి నా పట్టు తెలుసు: దవడ కింద, భుజాల ముందు, వెనక మోకాళ్ల వెనక వారానికోసారి తడిమి చూడండి.

"అదే అయినా, మూగజీవానికి కీమో ఏమిటమ్మా, హింస కాదూ?" అన్నారు. కోపం వచ్చింది. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొచ్చారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన కీమో మందు అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చారు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మంది తేరుకున్నారు. ఆ తేరుకోవడం తాత్కాలికమే. అయినా మంచంపట్టిన బిడ్డ లేచి ఆడుకోవడం ఆ తల్లిదండ్రులు చూశారు. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. అమినోప్టెరిన్ మందుల కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను తర్వాత కుక్కల లింఫోమాకూ వాడారు.

ఇప్పుడు ప్రధానంగా ఇచ్చేది 'చాప్': సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసోన్. మోతాదు మనుషులకిచ్చేంత తీవ్రంగా ఉండదు. చాలా కుక్కలు బాగానే తట్టుకుంటాయి. బి-కణాల రకంలో ఎక్కువ కుక్కలకు బిళ్లలు కరిగిపోతాయి, దాదాపు ఏడాది ఆయుష్షు దక్కుతుంది. టి-కణాల రకంలో సాధారణంగా అంతకంటే తక్కువ. ఏ వైద్యమూ లేకపోతే ఎక్కువగా నెలా, నెలన్నర.

అందుకే అందరూ కీమో చేయించాల్సిందేనని రాయబోయాను. కానీ ఈ లెక్కల్లోనే పెద్దాయన ప్రశ్నకూ చోటుంది. కుక్కలకిచ్చే కీమో లక్ష్యం పూర్తిగా నయం చేయడం కన్నా హాయిగా గడిచే రోజులు పెంచడం. ఆసుపత్రి గడప తొక్కగానే వణికిపోయే కుక్కకు వారం వారం సూదులు హాయి కావు. వేల డాలర్ల ఖర్చు మోయలేక ప్రెడ్నిసోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలతో సరిపెట్టుకునే ఇంటివాళ్ల ప్రేమ తక్కువదని నేననలేను.

ఒక్కటి మాత్రం పెద్దాయనకు గట్టిగా చెప్పాను. సూది పరీక్ష అయ్యి, కీమో సంగతి తేల్చుకునేదాకా ప్రెడ్నిసోన్ మొదలుపెట్టొద్దు. అది బిళ్లల్ని కరిగించి పరీక్షను తికమక పెడుతుంది. ముందే వాడితే తర్వాత కీమో మందులు సరిగా పనిచేయకపోవచ్చు. సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నారు.