కాటా ఎక్కించే ముందు

మన ఊళ్లలో పశువుల కొట్టం వెనకో, దొడ్లో ఓ మూలనో పాత ట్రాక్టరు ఒకటి పడి ఉంటుంది. టైర్లు నేలలోకి దిగబడిపోయి, బానెట్ ఊడిపోయి, స్టీరింగ్ చుట్టూ పిచ్చితీగ అల్లుకుని. నడిపిన పెద్దాయన పోయాక దాన్ని ఎవరూ కదిలించి ఉండరు. ఓ రోజు పాత ఇనుము వ్యాపారి వచ్చి, చుట్టూ ఒక్కసారి తిరిగి, కిలో లెక్కన ధర చెబుతాడు. జాగా ఖాళీ అయితే చాలని ఇంట్లోవాళ్లు సరేనంటారు. అలా సరేనడానికి ముందు ఒక్క పూట ఆగండి.

ఇనుము ధర అన్నిటికంటే తక్కువ ధర. విడిభాగాలుగా అమ్మితే ఎక్కువ వస్తుంది. నడిచే బండిగా అమ్మితే ఇంకా ఎక్కువ. ఎక్కడో ఒకటి అసలు అమ్మకుండా దాచుకోవలసినదీ ఉంటుంది. ఎదురుగా ఉన్నది వీటిలో ఏదో తేల్చి చెప్పగలగడం పాత మెకానిక్కుల విద్య. పుస్తకాల్లో దొరకదు, చేతుల్లోంచి చేతుల్లోకి వచ్చింది. అందులో సగమైనా రైతు ఇళ్లకు తెలిసి ఉండాలని నా పట్టుదల.

మొదటి పాఠం: రంగును నమ్మకూడదు. ఎరుపు కనిపిస్తే మాస్సీ, నీలం కనిపిస్తే ఫోర్డ్ అనుకుంటాం. చేతులు మారినప్పుడల్లా రంగులూ మారతాయి. అసలు రంగు డీజిల్ ట్యాంకు అడుగున, టూల్‌బాక్సు లోపల, డ్యాష్‌బోర్డు వెనక మిగిలి ఉంటుంది. బానెట్‌నూ నమ్మలేం, వేరే బండిది తెచ్చి తగిలించి ఉండవచ్చు. ఇంజను మాత్రం అంత తేలిగ్గా దాగదు. అందుకే పాత మెకానిక్ ముందు నాజిల్ పైపులు లెక్కపెడతాడు; ఎన్ని నాజిళ్లుంటే అన్ని సిలిండర్లు.

రేడియేటరే లేకుండా, సిలిండరు చుట్టూ గాలి తగిలేలా రెక్కలు పోసి ఉంటే అది ఐషర్ కావచ్చు. జర్మన్ కంపెనీ సాయంతో ఫరీదాబాద్‌లో తయారై 1959 ఏప్రిల్ 24న బయటికొచ్చిన ఐషరే మన దేశంలో తయారైన తొలి ట్రాక్టరు. మూడు నాజిళ్లుండి, ఇంజను మీద సింప్సన్ పేరుంటే అది మద్రాసులో 1960లో పుట్టిన టాఫే వారి మాస్సీ ఫెర్గూసన్ అయ్యే అవకాశం ఎక్కువ. మూడు నాజిళ్లున్నా పోతపోసిన భాగాల మీద ఫోర్డ్ గుర్తు కనిపిస్తే, 1971 నుంచి ఎస్కార్ట్స్ ఇక్కడ తయారుచేసిన ఫోర్డ్ 3000 కావచ్చు. నాలుగుంటే బి-275ను తలుచుకోవాలి. మహీంద్రా, వోల్టాస్, అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి 1963లో పెట్టిన కంపెనీ బండి అది. రెండే ఉంటే 1971లో పింజోర్‌లో హెచ్‌ఎంటీ మొదలుపెట్టిన జెటార్ 2511 కావచ్చు, లేదా స్వరాజ్ 724.

ఈ స్వరాజ్ దగ్గర కాసేపు ఆగాలి. విదేశీ కంపెనీ నమూనా అరువు తెచ్చుకోకుండా, దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థలో మన ఇంజనీర్లు రూపకల్పన చేసిన ట్రాక్టరిది. పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ 1974లో దాన్ని మార్కెట్టుకు తెచ్చింది. ఆ తొలి ఏళ్ల 724 ఎవరి దొడ్లోనైనా ఉంటే దాన్ని తుక్కుకు తూచడం నా దృష్టిలో తప్పు.

అంచనా కుదిరాక రుజువు వెతకాలి. చాసిస్ నంబరు, ఇంజను నంబరు మట్టీ గ్రీజూ కలిసిన పొర కింద ఉంటాయి. కిరోసిన్ పోసి, నానబెట్టి, గుడ్డతో తుడవాలి. అక్షరాలు అరిగిపోయి ఉంటే సుద్దముక్క అడ్డంగా రుద్దితే తేలతాయి. గ్రైండరు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. నంబరు చెరిగితే బండి గుర్తింపే పోతుంది, రిజిస్ట్రేషను చిక్కుల్లో పడుతుంది. నంబరు ప్లేటు కూడా వయసు చెబుతుంది. ఏపీ తర్వాత జిల్లా అంకె కాకుండా, ‘ఎ’తో మొదలయ్యే మూడు ఇంగ్లీషు అక్షరాలుంటే ఆ బండి 1989లో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి రాకముందు రిజిస్టరైనది.

ఇక లోపలి సంగతి. చాలామంది చేసే పని, ఇంకో ట్రాక్టరుకు తాడు కట్టి లాగి స్టార్టు చేయబోవడం. ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజనుకు అదే ప్రాణాంతకం. మూత లేని సైలెన్సర్ లోంచి వానలన్నీ లోపలికే దిగి ఉంటాయి. రింగులు తుప్పుతో సిలిండరుకు అతుక్కుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బాగుపడే బండి కాస్తా తుక్కవుతుంది. ముందుగా ఇంజనాయిలు చాంబరు అడుగు నట్టు మెల్లగా వదులు చేసి చూడాలి. నీళ్లు నూనె కంటే బరువు కనుక, ఉంటే అవే ముందు కారతాయి. గేరు నూనె తెల్లగా, మజ్జిగలా ఉంటే అక్కడా నీరు చేరినట్టే. తర్వాత నాజిళ్లు విప్పి, ఒక్కో సిలిండరులో కొంచెం డీజిల్, కొంచెం ఇంజనాయిలు పోసి కొన్ని రోజులు వదిలేయాలి. ఆపైన ఫ్లైవీల్‌ను చేత్తో ముందుకీ వెనక్కీ కదిపి చూడాలి. వేలెడంత కదిలినా ఆశ ఉన్నట్టే.

బండి ఎక్కడ పనిచేసిందో అడగడం మరవకండి. డెల్టాలో దమ్ము చక్రాలు వేసుకుని బురదలో తిరిగిన బండికీ, మెట్ట చేలల్లో గొర్రు లాగిన బండికీ అరుగుదల ఒకటి కాదు. బురద నీరు ముందు చక్రాల బేరింగుల్లోకి, వెనక సీళ్లు దాటి బ్రేకుల్లోకి పోతుంది. గంటల మీటరు చెప్పే అంకె కంటే క్లచ్ పెడలు అరుగుదల, స్టీరింగ్‌లో ఆట, గొర్రు తగిలించే చోట కోలగా సాగిపోయిన రంధ్రాలు నిజం చెబుతాయి. ఇంజను లేచాక గొర్రు పైకెత్తి ఇంజను ఆపి చూడాలి. ఎత్తిన గొర్రు వెంటనే జారిపోతే లిఫ్టుకు ఖర్చుంది.

ధర కట్టడంలో ఒక విచిత్రముంది. అరుదైన బండికి ఎక్కువ వస్తుందనుకుంటాం. దున్నుకునే రైతుకు మాత్రం సామాను దొరికే బండే విలువైనది. మాస్సీ 1035 ఇప్పటికీ కొత్తగా అమ్ముడవుతోంది. పాతదానికి పనికొచ్చే సామాను చిన్న పట్నాల్లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ దొరుకుతుంది. దాన్ని నడిచేలా చేయడం దండగ కాదు. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఇప్పుడు కదలని హెచ్‌ఎంటీని కూడా నడుస్తున్న హెచ్‌ఎంటీ ఉన్న రైతు విడిభాగాల కోసం కొనుక్కుంటాడు. మీ దొడ్లో ఉన్నది సోవియట్ డీటీ-14 లాంటి ఒంటి సిలిండరు బండి అయితే పొలంలో దానికి గిరాకీ లేదు, సేకరించేవారి దగ్గరే ఉంది. అలాంటిదానికి కొత్త రంగు వేయించకండి. వెలిసిన అసలు రంగు, కంపెనీ ప్లేటు, కొన్నప్పటి బిల్లు, భూమి తనఖా బ్యాంకు అప్పు కాగితం ఉంటే అవీ దాని విలువలో భాగమే.

లెక్క కష్టమైనదేమీ కాదు. అదే మోడల్ నడిచే బండి మీ ప్రాంతంలో ఎంతకు పోతోందో కనుక్కుని, బాగుచేయడానికయ్యే ఖర్చు తీసేయండి. మిగిలేది పంపు, క్రాంకు, గేర్లు, లిఫ్టు, వెనక రిమ్ములు విడివిడిగా అమ్మితే వచ్చేదానికంటే తక్కువైతే విప్పి అమ్మడమే మేలు.

కాగితాలకూ ధర ఉంది. వ్యవసాయ ట్రాక్టరుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఆర్సీ మీద పాత బ్యాంకు అప్పు అలాగే ఉండిపోతే బ్యాంకు నుంచి ఫారం 35 తెచ్చి కొట్టేయించాలి. చివరికి తుక్కుగానే ఇవ్వాల్సి వస్తే ఆర్సీని వ్యాపారి చేతిలో పెట్టకండి. చట్టం ప్రకారం 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి, దాన్ని అక్కడే అప్పగించాలి. లేకపోతే మీ పేరు మీదున్న నంబరు రేపు ఏ దొంగ బండి మీదైనా తేలవచ్చు.