స్పిన్ ద్రవాల తెలుగు పరిభాష: ‘నిరాశ’ అనువాదంపై విమర్శ

ఉపోద్ఘాతం

ఆధునిక భౌతికశాస్త్రాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ఎదురయ్యే చిక్కులకు ‘ఫ్రస్ట్రేటెడ్ మాగ్నెట్’ చక్కని ఉదాహరణ. నిఘంటువును అనుసరించి దీనిని ‘నిరాశాయుత అయస్కాంతం’ అంటే పదం దొరుకుతుంది గాని భావం చేజారుతుంది. పొరుగు స్పిన్‌లతో ఉన్న షరతులన్నీ ఒకేసారి తీరకపోవడమే ఇక్కడి అర్థం.

బంధవైరుధ్యం

తెనాలి, బాపట్ల, రేపల్లెలను మూడు స్పిన్‌లుగా భావిస్తే విషయం తేటపడుతుంది. ప్రతి స్పిన్ పైకో కిందికో ఉండాలి. బంధం ఉన్న రెండూ పరస్పరం వ్యతిరేక దిశల్లో ఉండాలి. తెనాలి నుంచి బాపట్లకు, రేపల్లెకు వేర్వేరు రైలుమార్గాలున్నాయి. ఈ రెండు బంధాలే ఉంటే చిక్కు లేదు: తెనాలి పైకి, తక్కిన రెండూ కిందికి. రేపల్లె–బాపట్ల బంధాన్ని కూడా చేర్చి త్రిభుజాన్ని పూర్తిచేయగానే ఒక షరతు తప్పక భంగమవుతుంది. సాధ్యమైన 8 అమరికలలో 6 అమరికలు ఒకే కనిష్ఠశక్తిని కలిగి ఉంటాయి. లోపం ఏ ఒక్క స్పిన్‌లోనూ లేదు. బంధాల కూర్పులో ఉంది. అందువల్ల ‘బంధవైరుధ్యం’ అనే మాట దీనికి మరింత సమీపం.

ద్రవం, క్రమం

తలం వెలుపల నాలుగో బిందువును చేర్చితే చతుర్ముఖి ఏర్పడుతుంది. పైరోక్లోర్ స్ఫటికాలలో అయస్కాంత అయాన్‌లు శీర్షాలను పంచుకునే చతుర్ముఖుల జాలకంగా అమరుతాయి. అయితే బంధవైరుధ్యం ఉన్నంత మాత్రాన స్పిన్ ద్రవం సిద్ధించదు. ఎర్బియం టైటనేట్ దాదాపు 1.2 కెల్విన్ వద్ద అయస్కాంత క్రమాన్ని పొందుతుంది. డిస్ప్రోసియం టైటనేట్‌లో ప్రతి చతుర్ముఖిలోనూ రెండు స్పిన్‌లు లోపలికి, రెండు బయటికి ఉండే ‘స్పిన్ ఐస్’ స్థితి కనిపిస్తుంది. సీరియం జిర్కోనేట్ క్వాంటం స్పిన్ ద్రవానికి బలమైన అభ్యర్థి.

స్పిన్ ద్రవాన్ని ‘క్రమరాహిత్యం’గా నిర్వచించడం రెండో లోపం. స్ఫటిక దోషాల వల్ల అస్తవ్యస్తంగా గడ్డకట్టిన స్పిన్‌లలోనూ క్రమం ఉండదు. 1973లో ఆండర్సన్ ప్రతిపాదించిన స్థితిలో స్పిన్‌లు జంటలుగా ముడిపడతాయి. ఆ జంటల అనేక కూర్పులు క్వాంటం రీతిలో ఏకకాలంలో కలిసి ఉంటాయి. అణువులు స్ఫటికంలో స్థిరంగానే ఉంటాయి; ‘ద్రవం’ అన్న పోలిక స్పిన్‌లకే వర్తిస్తుంది. క్రమం లేకపోవడాన్నే నిర్వచనంగా తీసుకున్న పరిశోధకుడు, ప్రయోగంలో క్రమం కనిపించకపోవడాన్నే నిరూపణగా పొరబడే ప్రమాదముంది.

ముగింపు

తెనాలిలో జన్మించి భౌతికశాస్త్రం చదివిన కొడవటిగంటి కుటుంబరావు (1909–1980) కథలు, నవలలతో పాటు వైజ్ఞానిక వ్యాసాలూ రాశారు. ఆయన కథలకు జరిగే పదపరీక్ష తెలుగు విజ్ఞాన రచనకూ జరగాలి. పరిభాషను ముందు దృగ్విషయంతో, ఆ తరువాతే నిఘంటువుతో సరిచూడడం ఆ పరీక్షలో మొదటి మెట్టు.