చిత్రకళాశాలయు నగరమును

ముంబయి నగరమున రైలు దిగిన ప్రయాణికుడు బండిని వెదకుకొనుచు నిలయపు గోడలను చూడకయే సాగిపోవును. పూర్వము విక్టోరియా టెర్మినస్ అనియు, నేడు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ అనియు పేరుగల ఆ భవనము 1878లో ఆరంభింపబడి 1888 నాటికి ముగిసినది. దానిమీది ఆకులు, పక్షులు, మృగములు మొదలగు అలంకారములలో పెక్కు, సమీపముననే యున్న జంషెట్జీ జీజీభాయి కళాశాల విద్యార్థుల పని. చిత్రకళాశాలలోని విద్యార్థిజీవనమును గూర్చి విచారించువారు ఈ గోడలనుండియే ఆరంభించుట యుక్తమని మా యభిప్రాయము. ఆ జీవనములో సగము శాలకు వెలుపలనే జరుగుచుండును.

పార్సీ వర్తకుడగు జంషెట్జీ యొసగిన లక్ష రూపాయల విరాళముతో 1857లో ఈ శాల వెలసినది. ఆంగ్లాచార్యులు గ్రీకు విగ్రహముల ప్లాస్టరు ప్రతిమలను ముందుంచి శిష్యులచే గీయించిరి. ఆ శిక్షణను మేము తూలనాడము. చేతికి అదుపు దానివలన వచ్చును. కాని ప్రతిమ కదలదు, చెమటోడ్చదు, ఆకలిగొనదు. ఆ కొరతను తీర్చునది నగరము. క్రాఫర్డు మార్కెట్టులో పండ్లబుట్టలు మోయువారు, రైలుకై వేచి మూటలపై నిద్రించువారు, చేపలమ్ము కోలీ స్త్రీలు - వీరే విద్యార్థికి రెండవ గురువులు. చిన్న పుస్తకమును చేతబట్టి వీరిని గీయుచు తిరుగని వానికి పట్టము వచ్చును గాని విద్య రాదు. 1872లో గ్రిఫిత్సు అను ఆచార్యుడు శిష్యులతో అజంతా గుహల చిత్రములకు ప్రతులు వ్రాయించుట మొదలిడెను. శాల తన గోడలు దాటి చేసిన ఈ పనియే దానికి మిక్కిలి కీర్తి తెచ్చినది.

పట్టణవాసము స్వదేశాభిమానమును చెరచునని కొందరు శంకింతురు. వారికి దామెర్ల రామారావుగారి చరిత్రమే సమాధానము. 1897లో జన్మించిన యీయన ప్రతిభను రాజమహేంద్రవరము కళాశాలాధ్యక్షులగు ఆస్వాల్డు కూల్డ్రేగారు గుర్తించి, బొంబాయి శాలలో చేరుటకు తోడ్పడిరి. రామారావుగారు అచ్చట నేర్చి తిరిగివచ్చి, తెలుగుస్త్రీల కట్టును, అలంకరణమును చిత్రించిరి. స్వస్థలముననే శిష్యులకు చిత్రలేఖనము నేర్పిరి. 1925లో మశూచికము సోకి, తమ 28వ యేట మరణించిరి. బొంబాయి వారికి గోదావరిని మరపింపలేదు.

అయినను ఈ చరిత్రమందే మనము తలవంచుకొనవలసిన భాగమొకటి కలదు. రాజమహేంద్రవరమున వారి పేర నున్న చిత్రశాలలో భార్య సత్యవాణిగారి చిత్రములును, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారి చిత్రములును గలవు. ఆ యింట ప్రతిభ స్త్రీపురుషుల కిరువురకును గలదు. బొంబాయి శాలలో పఠించు భాగ్యము మాత్రము పురుషునికే దక్కినది.

నూరేండ్లు గడచినను ఈ స్థితి పూర్తిగా తొలగినదా? కొన్ని యేండ్లక్రిందట మా తరగతిలోని బాలిక యొకతె లెక్కల పుస్తకపు అంచులలో తన నాయనమ్మ చేతులను గీసెను. ఆ వ్రేళ్ల ముడుతలలో మాకు నిజమైన శక్తి గోచరించినది. తండ్రి మమ్ము సలహా యడిగెను. హైదరాబాదున మాసబ్‌ట్యాంకువద్ద చిత్రకళాశాల కలదనియు, విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వకళాపరిషత్తునందు ఈ విద్య చెప్పుదురనియు మే మెరుగుదుము. ఎరిగియు, నగరమునకును, వసతిగృహమునకును, సజీవదేహమును చూచి గీయు తరగతికిని వెరచి, "ముందు వేరొక పట్టము రానిండు" అంటిమి. వైద్యవిద్యార్థిని శవమును కోసిన గౌరవించెడి మనము, చిత్రకళావిద్యార్థిని దేహమును గీసిన నేల జంకవలెను? ఆ ప్రశ్నను ఆనాడు మేము వేసికొనలేదు. ఆ బాలిక నేడు లెక్కలు వ్రాయు కొలువులో నున్నది. గీయుట మానినదని వింటిమి.

కావున కుమార్తెలను చిత్రకళాశాలలకు పంపుడని గృహస్థులను వేడుచున్నాము. రంగులకును వసతికిని ధనమిచ్చుటతో మన ధర్మము తీరదు. అంగడిలో, రైలునిలయములో, సముద్రపుటొడ్డున కూర్చుండి గీయు స్వేచ్ఛయు నామె కీయవలెను. అది లేనిచో, ఎంత గొప్ప శాలలో చేర్చినను ఆమెకు దక్కునది సగము చదువే.