చీర ఉయ్యాల పనితనం

రాయచోటి ప్రాంతంలో వేరుసెనగ చేలకు కూలికి వెళ్లే తల్లులు గట్టు మీది వేపకొమ్మకో చింతకొమ్మకో పాత చీర కట్టి పసిబిడ్డను పడుకోబెట్టే జోలె, అంటే రెండు కొసలూ పైన కలిసి నడుమ సంచిలా దిగే ఉయ్యాల, వడ్రంగి అవసరం లేని అసలైన పనితనం. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరనే ఎంచడం, కొమ్మ మీద చీమల బారు లేదని చూసుకోవడం, బరువు పడేకొద్దీ బిగుసుకునే ముడి వేయడం, గుడ్డ బిడ్డ ముఖం మీద మూసుకోకుండా పైభాగాన అడ్డంగా ఒక కర్ర దూర్చి అంచులను విడదీయడం, తేలు అందనంత ఎత్తులో, తల్లి చేయి అందేంత కిందుగా జోలెను వేలాడదీయడం, ఇవన్నీ చూసి నేర్చుకున్న విద్యలే అయినా, వాటి వెనుక ఉన్న శ్రద్ధ ఎంతో గౌరవించదగినది. ఇలాగే వేలాడేవే అయినా, 1492లో కొలంబస్ బహామా దీవుల్లో చూసిన వల ఊయలలు పెద్దల పడకలు. ఇక్కడ మాత్రం నేల విడిచి నిద్రపోవడం నెలల వయసులోనే అలవాటై, కాళ్లు బయటికి వచ్చే ఈడుకు ముగుస్తుంది.