గొట్టం దగ్గరే ఆగిపోయిన లెక్క

పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ నగరానికి దక్షిణాన కాక్‌బర్న్ సౌండ్ అనే అఖాతం ఉంది. కాలుష్యాన్ని అదుపు చేసినందుకు దీన్ని ఉదాహరణగా చూపడం కద్దు. మానవ చర్యల వల్ల 1978లో ఏటా సుమారు 2,000 టన్నుల నత్రజని ఇందులో చేరేది. 2000 నాటికి అది సుమారు 300 టన్నులకు తగ్గింది. అంకెలు నిజమే. వాటి నుండి తీసే నిర్ణయంలోనే లోపం ఉంది.

1950వ దశకంలో చమురు శుద్ధి కర్మాగారంతో ఇక్కడి క్వినానా తీరాన పారిశ్రామికవాడ మొదలైంది. ఎరువుల కర్మాగారం వ్యర్థాలు, నగరపు మురుగునీరు కలిసి అఖాతాన్ని నత్రజనితో నింపాయి. సముద్రగడ్డి ఆకుల మీద నాచు దట్టంగా పెరిగి వెలుతురుకు అడ్డుపడింది. కేంబ్రిడ్జ్, మెక్‌కోంబ్ అనే శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1954లో సుమారు 4,200 హెక్టార్లున్న సముద్రగడ్డి 1978 నాటికి 900 హెక్టార్లే మిగిలింది. చేపపిల్లలకు నీడనిచ్చే గడ్డి అది.

ఇక తగ్గుదల సంగతి చూద్దాం. 1984లో మురుగునీటిని కేప్ పెరాన్ అవతల బయటి సముద్రంలోకి మళ్లించారు. అది అఖాతం లెక్కలోంచి పోయింది గాని సముద్రం లెక్కలోంచి పోలేదు. పరిశ్రమలు గొట్టాల ద్వారా వదిలేది తగ్గించిన మాట వాస్తవమే, మెచ్చుకోదగినదే. అయితే మిగిలిన 300 టన్నుల్లో సుమారు 70 శాతం భూగర్భజలంతో వచ్చినదే!

అక్కడి నేలలు ఇసుక, సున్నపురాయి. కర్మాగారాల ఆవరణలో ఒలికినదీ, వ్యర్థాల చెరువుల నుండి ఊరినదీ నేలలోకి ఇంకి, భూగర్భజలంతో పాటు మెల్లగా సముద్రం వైపు సాగుతుంది. నైట్రేటు నీటితో సమానంగా కదులుతుంది. అమ్మోనియం మట్టి రేణువులకు అంటుకుంటూ మరింత నెమ్మదిగా కదులుతుంది. అందుచేత ఒలకడం ఆగిన ఎన్నో ఏళ్ల తరువాత కూడా కాలుష్యం తీరం చేరుతూనే ఉంటుంది.

మరి మన నిబంధనల మాటేమిటి? తీర సముద్రంలోకి వదిలే వ్యర్థజలంలో అమ్మోనియా నత్రజని లీటరుకు 50 మిల్లీగ్రాములు మించరాదని 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద పరిమితి ఉంది. ఇది గొట్టం చివర తీసే కొలత. నేలలోకి ఇంకినది దీనికి అందదు.

కాక్‌బర్న్ సౌండ్‌లో నత్రజని తగ్గినా సముద్రగడ్డి పెద్దగా తిరిగి రాలేదు. పోయాక తెచ్చుకోవడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. కనుక తీరాన కర్మాగారం కట్టకముందే దాని కింది నీరు ఎటు సాగుతుందో తేల్చాలి. చుట్టూ పరిశీలక బావులు తవ్వి, వాటి లెక్కలను ఏటా ప్రజల ముందుంచాలి.